తూము, కట్ట, కాలవ: గుండె కవాటం ఇన్‌ఫెక్షన్ స్కాన్లను పరీక్షలో చదివే పద్ధతి

తిరుపతిలో రేడియాలజీ పీజీలను కూర్చోబెట్టి కేసులు చెప్పించడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు, కవాటాలకు వచ్చే ఇన్‌ఫెక్షన్) స్కాన్ పెట్టిన ప్రతిసారీ ఒకటే జరుగుతుంది. కవాటం మీద వేలాడుతున్న ముద్దను (క్రిములూ రక్తపు గడ్డా కలిసిన దీన్నే వెజిటేషన్ అంటారు) పట్టుకోగానే పిల్లవాడి ముఖం వెలిగిపోతుంది. "వెజిటేషన్ ఉంది సార్" అంటాడు. ఆ తర్వాత నిశ్శబ్దం. నేను ఎదురుచూస్తుంటాను, అతనూ ఎదురుచూస్తుంటాడు. అసలు సంగతి ఆ ముద్ద పక్కన అర సెంటీమీటరు దూరంలో ఉంటుంది, లేదా అడుగు దూరంలో ప్లీహంలో ఉంటుంది. చూపు అక్కడిదాకా పోదు.

మాది పుత్తూరు పక్క పల్లె. తుపాను వానలకు చెరువు నిండి మరవ పోతుంటే మా నాయన రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని కట్ట మీదికి పోయేవాడు. తూము తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడేవాడు. మిగతా గంటంతా కట్ట పొడుగునా నడుస్తూ ఎండ్రకాయల బొరియలు, చెమ్మ ఊరే చోట్లు వెతికేవాడు. తెల్లారినాక కాలవ వెంబడి కిందికి దిగి, ఎవరి కయ్యలో ఏం కొట్టుకొచ్చి పడిందో చూసి ఇంటికొచ్చేవాడు. కవాటం ఇన్‌ఫెక్షన్ స్కాన్‌ని కూడా అట్లాగే చదవాలి. తూము అంటే కవాటం రెక్కలు. కట్ట అంటే కవాటం చుట్టూ ఉండే రింగు, అయోర్టా మూలం. కాలవలంటే గుండె నుంచి బయల్దేరే రక్తనాళాలు. ఈ వరుస మాత్రం తప్పనీయకండి.

ముందు మనిషి, తర్వాత స్కాన్

పరీక్షలో ఇచ్చే రెండు లైన్ల హిస్టరీని చాలామంది కంగారులో దాటేస్తారు. అందులో మూడు విషయాలు ఏరుకోవాలి: కవాటం సొంతదా, పెట్టిందా, పెట్టిందైతే ఎన్నాళ్లయింది, జ్వరం ఎడమ గుండెదా, కుడి గుండెదా.

మన వైపు ఇప్పటికీ రుమాటిక్ జబ్బుతో దెబ్బతిన్న మైట్రల్ కవాటాలు కనబడుతూనే ఉంటాయి. అలాంటి కవాటం మీద ఇన్‌ఫెక్షన్ కూర్చుంటే పాత మందం ఏది, కొత్త ముద్ద ఏది అని తేల్చడమే సగం పని. కృత్రిమ కవాటమైతే కథ వేరు. మెటల్ కవాటంలో ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా కుట్టు రింగు దగ్గర మొదలవుతుంది. అంటే తూము తలుపు బాగానే కనబడుతుండగా లోపల కట్ట కుళ్లిపోతూ ఉండొచ్చు. టిష్యూ కవాటంలో రెక్కల మీద కూడా రావచ్చు. ఆపరేషన్ అయిన మొదటి ఏడాదిలోపు వస్తే 'తొందరగా వచ్చింది' అని వేరుగా లెక్కిస్తారు, స్టెఫిలోకాకస్ జాతులు అక్కడ ముందుంటాయి.

చిత్తూరు వాళ్లకు వెల్లూరు దగ్గర కాబట్టి కొందరు అక్కడ ఆపరేషన్ చేయించుకుని వస్తారు. పాలిథీన్ కవర్లో చుట్టి, చీర కొంగులోనో జేబులోనో దాచుకున్న చిన్న కార్డు ఉంటుంది. కవాటం రకం, సైజు, ఆపరేషన్ తేదీ అందులో ఉంటాయి. అది అడిగి చూశాకే స్కాన్ తెరవండి. పరీక్షలో ఆ కార్డు ఉండదు కానీ, "పాత ఆపరేషన్ వివరాలూ పాత స్కానూ ఉంటే పోల్చి చూస్తాను" అనే మాటకు విలువ ఉంది. ఆపరేషన్ అయిన కొన్ని నెలల దాకా అయోర్టా మూలం చుట్టూ మందంగా ఉండటం మామూలే. దాన్ని చీముగడ్డ అనేసి మునిగిపోయిన వాళ్లున్నారు.

ఏ స్కాన్‌ను ఏం అడగాలి

ఛాతీ మీద పెట్టి చేసే ఎకోతో మొదలు. సొంత కవాటం మీది వెజిటేషన్లను అది 70 శాతం దాకా పట్టగలదు, కృత్రిమ కవాటంలో దాదాపు సగమే. గొంతులోంచి దించే టీఈఈ రెండింట్లోనూ 90 శాతం దాటుతుంది. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లలో ఎగ్జామినర్ "తర్వాత ఏం చేస్తావు" అంటే ఆలోచించకుండా టీఈఈ అనాలి. మొదటి ఎకోలో ఏమీ లేకపోయినా అనుమానం గట్టిగా ఉంటే 5 నుంచి 7 రోజుల్లో మళ్లీ చేయాలి.

ఎకో చిన్న వెజిటేషన్లనూ రెక్కకు పడ్డ చిల్లులనూ బాగా చూస్తుంది. ఈసీజీ గేటెడ్ సీటీ (గుండె తాళానికి జతచేసి తీసే సీటీ) కట్టను బాగా చూస్తుంది: చీముగడ్డ, సూడోఅన్యూరిజం, ఫిస్టులా. ఈ మూడింటి తేడా కట్ట దగ్గర చెబుతాను. మెటల్ నీడ వెనక ఎకో గుడ్డిదైపోయే చోట సీటీ ఆదుకుంటుంది. పెట్ సీటీ (గ్లూకోజు లాంటి మందు ఎక్కడ వెలుగుతుందో చూపే స్కాన్) ముఖ్యంగా కృత్రిమ కవాటాల కోసం. సొంత కవాటంలో దాని చూపు మందం. అందువల్ల అక్కడ పెట్ మామూలుగా వచ్చినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ లేదనకూడదు. మెదడుకు ఎంఆర్ఐ. అంతే, ఈ విభజన నోటికి వస్తే చాలు.

తూము: రెక్కల మీద ఏముంది

వెజిటేషన్ ఎక్కడ కూర్చుంటుందో గుర్తుంచుకోవడానికి లీకయ్యే తూమును తలుచుకోండి. నీళ్లు చీలికలోంచి చిమ్మి తక్కువ ఒత్తిడి ఉన్న వైపు పడతాయి. చెత్తంతా అక్కడే పేరుకుంటుంది. మైట్రల్ కవాటం లీకైతే ధార కర్ణికలోకి చిమ్ముతుంది కాబట్టి వెజిటేషన్ కర్ణిక వైపు. అయోర్టిక్ లీకైతే ధార ఎడమ జఠరికలోకి, కాబట్టి వెజిటేషన్ జఠరిక వైపు. ట్రైకస్పిడ్‌కు మళ్లీ కర్ణిక వైపే. ఈ ఒక్క సూత్రంతో అసలువీ నకిలీవీ చాలా వరకు విడిపోతాయి.

అయోర్టిక్ లీకు ధార నేరుగా పోయి మైట్రల్ ముందు రెక్కకు తగిలితే అక్కడ రెండో కాపురం మొదలవుతుంది. ఆ రెక్క బుడగలా ఉబ్బవచ్చు, చివరికి చిల్లు పడవచ్చు. అయోర్టిక్ వెజిటేషన్ కనబడ్డ వెంటనే మైట్రల్ ముందు రెక్కను ప్రత్యేకంగా చూడటం అలవాటు చేసుకోండి. ఎగ్జామినర్ అడగకముందే ఆ మాట మీరు ఎత్తితే ఆయన పెన్ను కదలడం మీకే కనబడుతుంది.

సీటీలో వెజిటేషన్ అంటే కాంట్రాస్ట్ (రక్తనాళంలోకి ఎక్కించే రంగు మందు) తెల్లదనంలో నల్లగా, అంచులు గజిబిజిగా ఉండే ముద్ద. సినీ (గుండె కదలికను సినిమాలా చూపే చిత్రాల వరుస) నడిపిస్తే రెక్కతో కలిసి ఊగుతుంది, కానీ రెక్క తాళానికి కాదు, తన సొంత తాళానికి. ఆగిన ఒక్క ఫేజులో (గుండె చక్రంలోని ఒక్క క్షణపు చిత్రంలో) చూసి చెప్పేయకండి. 4 లేదా 5 మి.మీ. కంటే చిన్నవి సీటీలో తప్పిపోవచ్చని మీరే చెప్పాలి. పొడవు కొలిచేటప్పుడు అన్నిటికంటే పొడుగ్గా కనబడే ఫేజును ఎంచుకోండి. 10 మి.మీ. అన్నది గుర్తుండాల్సిన గీత: అక్కడి నుంచి ఎంబోలిజం (ముక్క ఊడి రక్తంలో పోయి వేరేచోట నాళానికి అడ్డుపడటం) భయం పెరుగుతుంది, మందులు పడుతుండగానే ముక్క ఊడిపోయి ఉంటే సర్జన్ వైపు అడుగు పడుతుంది. మరీ పెద్ద ముద్దలు కనబడితే ఫంగస్‌ను కూడా తలుచుకోండి.

నకిలీల సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, వైవాలో చిక్కుకునేది ఇక్కడే.

లాంబుల్స్ ఎక్స్‌క్రెసెన్సులు దారప్పోగుల్లా సన్నగా, అయోర్టిక్ రెక్కలు మూసుకునే గీత మీద ఉంటాయి. జ్వరం ఉండదు, లీకు ఉండదు. పాపిల్లరీ ఫైబ్రోఎలాస్టోమా చిన్న కాడతో, గుండ్రంగా ఉంటుంది, రెక్కను పాడుచేయదు. లూపస్ ఉన్న అమ్మాయిలో మైట్రల్ మీద కాడ లేకుండా పరుచుకున్న ముద్దలు కనబడితే లిబ్‌మన్ సాక్స్. ముదిరిన క్యాన్సర్, ముఖ్యంగా అడినోకార్సినోమా ఉన్నవాళ్లలో మరాంటిక్ రకం. కుడి కర్ణికలో యూస్టేషియన్ కవాటం, కియారీ నెట్‌వర్క్ పుట్టుకతో ఉండేవి, ఊగినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ కాదు. మైట్రల్ వెనక రింగు దగ్గర తెల్లటి అంచుతో గుండ్రటి ముద్ద ఉంటే, కాంట్రాస్ట్ లేని స్కాన్‌లోనే అది సున్నంలా మెరుస్తుంటే, అది కేసియస్ క్యాల్సిఫికేషన్. దాన్ని చీముగడ్డ అన్నవాళ్లకు నేను సగం మార్కులు కూడా వేయను.

మెటల్ కవాటం ఆకు సరిగా తెరుచుకోకపోతే పానస్ (కవాటం మీదికి పెరిగే మచ్చ కణజాలం), థ్రాంబస్ (రక్తపు గడ్డ), వెజిటేషన్ మూడూ పోటీకి వస్తాయి. సీటీ నంబరు కొంత దారి చూపుతుంది: 145 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత కొలత) దాటితే పానస్, 90 కంటే తగ్గితే మందులకు కరిగే థ్రాంబస్ వైపు మొగ్గు. కానీ థ్రాంబస్‌నీ వెజిటేషన్‌నీ నంబరు విడదీయలేదు. అక్కడ జ్వరం, కల్చరు (రక్తంలో క్రిములు పెరుగుతాయో చూసే పరీక్ష), కట్ట పరిస్థితే తీర్పు చెబుతాయి.

కట్ట: ఎక్కువ సేపు నిలబడాల్సిన చోటు

మూడు మాటలు మూడు వేరు వేరు వస్తువులు. వాటిని కలగాపులగం చేస్తే ఎగ్జామినర్‌కు కోపం వస్తుంది, రావాలి కూడా.

చీముగడ్డ అంటే కట్ట లోపల కుళ్లిన చోటు. మందంగా, ఒక్కతీరుగా లేకుండా ఉంటుంది, లోపలికి రక్తం పారదు. సీటీలో ఆలస్యంగా తీసిన ఫేజులో అంచు మెరుస్తుంది, మధ్య నల్లగా ఉంటుంది. సూడోఅన్యూరిజం అంటే ఆ కుళ్లిన చోటు గుండెలోకో అయోర్టాలోకో తెరుచుకుని బొరియ అయింది. లోపల రక్తం ఆడుతుంది, కాంట్రాస్ట్ నిండుతుంది, గుండెతో పాటు ఉబ్బి తగ్గుతుంది. ఫిస్టులా అంటే గండి: బొరియ అవతలి వైపు కూడా తెగి రెండు గదులను కలిపేసింది. చెమ్మ, బొరియ, గండి. ఒకటే జబ్బు మూడు వయసులు.

ఇక్కడ అయోర్టా మూలం పొరుగును కంఠస్థం చేయక తప్పదు. రెండు వాలు తలాలను సరిచేసి కవాటాన్ని ఎదురుగా, మూడు సైనసులూ మూడు రేకుల్లా కనబడేలా పెట్టండి. కుడి కరోనరీ సైనసుకు ముందు కుడి జఠరిక బయటి దారి. కరోనరీ లేని సైనసుకు పొరుగు రెండు కర్ణికలూ, వాటి మధ్య గోడా. ఎడమ కరోనరీ సైనసుకు పక్కన ఎడమ కర్ణిక. కుడి సైనసుకూ కరోనరీ లేని సైనసుకూ మధ్య కొసన, సరిగ్గా కింద, మెంబ్రనస్ సెప్టమ్. గుండె కొట్టుకునే కరెంటును మోసే హిస్ బండిల్ పోయేది దాని పక్కనే. అందుకే అక్కడ చీము చేరితే ఈసీజీలో పీఆర్ వ్యవధి (కర్ణిక నుంచి జఠరికకు కరెంటు చేరే సమయం) సాగుతుంది. వార్డులో పీఆర్ కొత్తగా సాగిందని ఫోనొస్తే స్కాన్ తెరవకముందే ఎక్కడ చూడాలో తెలిసిపోయినట్టే. ఏ సైనసు నుంచి బొరియ మొదలైందో తెలిస్తే గండి ఏ గదిలోకి పడుతుందో కూడా ఊహించవచ్చు: కుడి సైనసు నుంచి కుడి జఠరికలోకి, కరోనరీ లేని దాని నుంచి ఎక్కువగా కుడి కర్ణికలోకి. ఎడమ జఠరిక నుంచి నేరుగా కుడి కర్ణికలోకి దారి పడితే దాని పేరు గెర్బోడ్.

కరోనరీ లేని సైనసు, ఎడమ సైనసు, మైట్రల్ ముందు రెక్క ఈ మూడింటి మధ్య ఉండే పలుచటి పీచు తెరకు మైట్రల్ అయోర్టిక్ ఇంటర్‌వాల్వులర్ ఫైబ్రోసా అని పేరు. రక్తనాళాలు తక్కువున్న బలహీనమైన జాగా. అయోర్టిక్ లీకు ధార తగిలేది కూడా ఆ పక్కకే. అక్కడి సూడోఅన్యూరిజం ఎడమ జఠరిక బయటి దారిలోకి తెరుచుకుంటుంది కాబట్టి సిస్టోల్‌లో ఉబ్బుతుంది, డయాస్టోల్‌లో ముడుచుకుంటుంది. సినీలో ఈ కదలిక ఒకసారి కళ్లారా చూస్తే మరిచిపోలేరు, కప్ప గొంతు ఆడినట్టు ఉంటుంది.

ఒక ఉచ్చు చెప్పి ముందుకు పోతాను. ఆపరేషన్‌లో కుట్ల కింద పెట్టే ఫెల్ట్ ప్లెడ్జెట్లు కాంట్రాస్ట్ లేని స్కాన్‌లోనే తెల్లగా కనబడతాయి. కాంట్రాస్ట్ ఫేజు ఒక్కటే చూస్తే అచ్చం చిన్న సూడోఅన్యూరిజంలా మోసం చేస్తాయి. నేను పీజీగా ఉన్న రోజుల్లో ఈ ప్లెడ్జెట్టునే లీకు అని రాశాను. మా ప్రొఫెసర్ ఏమీ అనలేదు. ప్లెయిన్ స్కాన్ తెరిచి నా వైపు తిప్పి, టీ తాగడానికి వెళ్లిపోయారు. అంతకంటే పెద్ద తిట్టు లేదు.

కృత్రిమ కవాటం కుట్లు విడిపోతే దాన్ని డిహిసెన్స్ అంటారు. సినీలో కవాటం మొత్తం పక్కనున్న గోడతో సంబంధం లేనట్టు ఊగుతుంది. కుట్టు రింగుకూ గోడకూ మధ్య కాంట్రాస్ట్ చారను వెతకండి, గడియారం ముల్లు లెక్కలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో చెప్పండి. సర్జన్‌కు కావలసింది అదే.

సీటీ ఎలా తీయించాలి

వైవాలో "ప్రోటోకాల్ చెప్పు" అనగానే కరోనరీ సీటీ పాఠం అప్పజెప్పేవాళ్లు ఎక్కువ. అక్కడే పట్టుబడతారు.

ముందు కాంట్రాస్ట్ లేని స్కాన్. తర్వాత రెట్రోస్పెక్టివ్ గేటింగ్‌తో గుండె చక్రం మొత్తం పట్టే ధమని ఫేజు (కాంట్రాస్ట్ ధమనుల్లో ఉండగా తీసేది), ఎందుకంటే మనకు కదలిక కావాలి. ఆర్ఆర్ వ్యవధిని (ఒక గుండె చప్పుడు నుంచి తర్వాతి దాని దాకా) 5 లేదా 10 శాతం మెట్లుగా విడగొట్టించండి. తర్వాత దాదాపు నిమిషానికి ఆలస్యపు ఫేజు, చీముగడ్డ అంచు కోసం. అదే దెబ్బకు పొట్ట కూడా తీసేస్తే కాలవల పని సగం అయిపోతుంది.

గుండె వేగం తగ్గించడానికి అలవాటుగా బీటా బ్లాకర్ ఇచ్చేస్తారే, అక్కడ ఆగండి. హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన అయోర్టిక్ లీకులో గుండె వేగంగా కొట్టుకోవడమే మనిషిని నిలబెడుతోంది. వేగం తగ్గిస్తే డయాస్టోల్ సాగుతుంది, వెనక్కి పోయే రక్తం పెరుగుతుంది, రోగి టేబుల్ మీదే కుప్పకూలవచ్చు. హార్ట్ బ్లాక్ మొదలైనవాళ్లలో కూడా అంతే. ఈ ఒక్క మాట చెప్పిన పీజీని ఎగ్జామినర్ డాక్టరుగా చూస్తాడు. ఇంకోటి: వీళ్లు జెంటామైసిన్, వాంకోమైసిన్ యాంటీబయాటిక్‌ల మీద ఉంటారు, అవి కిడ్నీలను దెబ్బతీయవచ్చు. కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు పరీక్ష) చూడండి.

ఈ సీటీలోనే కరోనరీలు కూడా చూసి చెప్పొచ్చు. అయోర్టిక్ కవాటం మీద వెజిటేషన్ వేలాడుతుంటే అక్కడికి క్యాథెటర్ పంపి దాన్ని కదిలించే ప్రమాదం తప్పుతుంది. రెండోసారి ఛాతీ తెరవబోయేవాళ్లలో ఎదురొమ్ము ఎముక వెనక అయోర్టా, కుడి జఠరిక, పాత గ్రాఫ్టులు ఎంత దగ్గరగా అంటుకున్నాయో మి.మీ.లో రాయండి.

కాలవలు: ఏం కొట్టుకుపోయింది

ఎడమ గుండె నుంచి ముక్కలు మెదడుకు, ప్లీహానికి, మూత్రపిండాలకు, కాళ్లకు పోతాయి. కుడి గుండె నుంచి ఊపిరితిత్తులకు. కుడివైపు జబ్బు అనగానే డయాలిసిస్ క్యాథెటర్లు, పేస్‌మేకర్ తీగలు, సెంట్రల్ లైన్లు, పుట్టుకతో ఉన్న వీఎస్‌డీ (జఠరికల మధ్య గోడలో చిల్లు) తలపుకు రావాలి. ఛాతీ ఎక్స్‌రేలో అంచుల వెంబడి గుండ్రటి మచ్చలు, వాటిలో కొన్నింటికి మధ్యలో గుల్ల, రెండ్రోజులకొకసారి మారే చిత్రం. సీటీలో ప్లూరాకు ఆనుకున్న ముక్కోణాలు కూడా. టీబీ అనో మెటాస్టాసిస్ (వేరేచోటి నుంచి పాకిన క్యాన్సర్) అనో రాసేముందు చేతికి లైను ఎన్నాళ్లుగా ఉందో అడగండి.

ప్లీహం దగ్గర పెద్ద ఉచ్చు ఉంది. ధమని ఫేజులో మామూలు ప్లీహం కూడా చారలు చారలుగా, జీబ్రా చర్మంలా కనబడుతుంది. గుండె సీటీ ధమని ఫేజే కదా, అక్కడ ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిన చోటు) అని రాసిన రిపోర్టులు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. సుమారు 70 సెకన్ల పోర్టల్ ఫేజులో కూడా ఉంటేనే నమ్మండి. ఇన్‌ఫార్క్ట్ ముక్కోణంలా, అడుగు క్యాప్సూల్ మీద పెట్టి ఉంటుంది, సన్నటి అంచు మాత్రం మెరుస్తుంది. చీముగడ్డ గుండ్రంగా, అంచు మెరుస్తూ, తర్వాతి స్కాన్‌కు పెరుగుతూ ఉంటుంది. గాలి బుడగ ఉంటే ఇక అనుమానమే లేదు.

మెదడుకు డిఫ్యూజన్ (తాజా ఇన్‌ఫార్క్టులు చూపేది), ఎస్‌డబ్ల్యూఐ (చిన్న రక్తస్రావాలు చూపేది) రెండూ ఉన్న ఎంఆర్ఐ కావాలి. ఒకటి కంటే ఎక్కువ రక్తనాళాల పరిధిలో చిన్న చిన్న తాజా ఇన్‌ఫార్క్టులు, కార్టెక్స్‌లో చుక్కల్లాంటి మైక్రోబ్లీడ్లు. రోగికి ఏ లక్షణమూ లేకపోయినా ఉంటాయి. మామూలు బెర్రీ అన్యూరిజం (ధమని గోడ ఉబ్బు) మెదడు అడుగున ధమనులు కలిసే విల్లిస్ వలయం దగ్గర ఉంటే, ఇన్‌ఫెక్షన్‌తో వచ్చేది మిడిల్ సెరెబ్రల్ ధమని చివరి కొమ్మల్లో ఉంటుంది. ఒకే గాడిలో రక్తం కనబడి విల్లిస్ వలయం శుభ్రంగా ఉందంటే కొసల దాకా వెతకండి. నాన్ ఇన్వేజివ్ యాంజియోలో దొరకకపోయినా అనుమానం పోకపోతే డీఎస్ఏ (క్యాథెటర్‌తో తీసే యాంజియో). వీటికి 'మైకోటిక్' అనే పేరు విలియం ఆస్లర్ అనే వైద్యుడు 1885లో పెట్టాడు. ఫంగస్‌తో సంబంధం లేదు, ఎక్కువగా బ్యాక్టీరియావే. ఎగ్జామినర్లకు ఈ ప్రశ్న అంటే ఎందుకో చచ్చేంత ఇష్టం.

వెన్నునొప్పి ఉందంటే డిస్కులు కూడా చూడండి.

పెట్ సీటీ, ఒక లడ్డూ కథ

గుండె కండరం కొవ్వుతో పాటు గ్లూకోజు కూడా తింటుంది. ఎఫ్‌డీజీ అంటే గ్లూకోజు వేషం వేసుకున్న మందు. కండరం దాన్ని మింగేస్తే కవాటం దగ్గరి ఇన్‌ఫెక్షన్ ఆ వెలుగులో కలిసిపోతుంది. అందుకే ముందురోజు కనీసం రెండు పూటలు కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం లేని తిండి, ఆ తర్వాత 12 గంటలకు తగ్గకుండా ఉపవాసం. కొన్నిచోట్ల హెపారిన్ కూడా ఇస్తారు.

పుస్తకంలో ఇది ఒక లైను. మన ఊళ్లో ఇది ఒక యుద్ధం. అన్నం, ఇడ్లీ, సంగటి, పప్పు, పాలు, పండ్లు ఏవీ వద్దంటే మనిషి ఏం తినాలి? గుడ్లు, కోడి, చేపలతో మాంసాహారులు గట్టెక్కుతారు. శాకాహారులకు పన్నీరు, వెన్న, నెయ్యి. పీలేరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఇదంతా రాసిచ్చి, కొడుకుతో రెండుసార్లు చెప్పించాం. స్కాన్ చూస్తే ఎడమ జఠరిక మొత్తం దీపావళి. అడిగితే కొడుకు తల దించుకున్నాడు. "అన్నం ఒక మెతుకు కూడా పెట్టలేదు సార్. పొద్దున మా చిన్నాయన కొండ దిగొచ్చి పెసాదం పెట్టినాడు. దేవుడి లడ్డు సార్, వద్దంటే తప్పు కదా." శనగపిండి, చక్కెర, కలకండ, ఎండుద్రాక్ష. మళ్లీ తీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి మా సూచనల కాగితంలో 'ప్రసాదం కూడా స్కాన్ అయ్యాకే' అనే లైను చేరింది. వైవాలో ప్రిపరేషన్ అడిగితే ఈ కథ చెప్పక్కర్లేదు. కానీ జఠరిక అంతా ఒక్కతీరుగా వెలిగితే "ప్రిపరేషన్ కుదరలేదు, ఈ స్కాన్ మీద తీర్పు చెప్పలేను" అనే ధైర్యం ఉండాలి.

కవాటం చుట్టూ ఒకచోట గుత్తిగా, హెచ్చుతగ్గులుగా వెలిగితే ఇన్‌ఫెక్షన్ వైపు. రింగు చుట్టూ పలుచగా సమానంగా వెలిగితే ఆపరేషన్ తర్వాతి మంట కావచ్చు. మెటల్ పక్కన అటెన్యుయేషన్ కరెక్షన్ (సీటీ సాయంతో పెట్ వెలుగును సరిచేసే లెక్క) దొంగ వెలుగు పుట్టిస్తుంది కాబట్టి కరెక్షన్ లేని చిత్రాల్లో కూడా ఉందో లేదో చూడండి. సర్జికల్ జిగురు కూడా వెలుగుతుంది. చాలారోజులు యాంటీబయాటిక్ పడి ఉంటే ఆరిపోయినట్టు కనబడవచ్చు. మెదడు ఎలాగూ గ్లూకోజుతో వెలుగుతూనే ఉంటుంది, అక్కడ పెట్‌ను నమ్మొద్దు.

డ్యూక్ లెక్కలో మన వాటా

1994లో వచ్చి, 2000లో సవరించిన డ్యూక్ ప్రమాణాలను (ఎండోకార్డైటిస్ అని తేల్చడానికి పెద్ద, చిన్న ఆధారాలు, అంటే మేజర్, మైనర్లు, లెక్కపెట్టే పద్ధతి) 2023లో మళ్లీ తిరగరాశారు. రేడియాలజిస్టుకు ఇది పండగే. ఎకోతో సమానంగా సీటీలో కనబడే వెజిటేషన్, చిల్లు, రెక్క అన్యూరిజం, చీముగడ్డ, సూడోఅన్యూరిజం, ఫిస్టులా ఇప్పుడు మేజర్. కృత్రిమ కవాటం పెట్టి 3 నెలలు దాటాక పెట్‌లో అసాధారణ వెలుగు కూడా మేజర్, అంతకుముందైతే మైనర్. కాలవల్లో దొరికేవి, అంటే ధమనుల ఎంబోలై, ఊపిరితిత్తుల సెప్టిక్ ఇన్‌ఫార్క్టులు, మైకోటిక్ అన్యూరిజం, మెదడులో రక్తస్రావం, మెదడు లేదా ప్లీహం చీముగడ్డ, అన్నీ వాస్క్యులర్ మైనర్ కింద చేరతాయి. రెండు మేజర్లు, లేదా ఒక మేజర్ మూడు మైనర్లు, లేదా అయిదు మైనర్లు ఉంటే ఖాయం. ఒక మేజర్ ఒక మైనర్, లేదా మూడు మైనర్లు అయితే అవకాశం ఉంది. ముందే యాంటీబయాటిక్ వేసుకుని వచ్చే మన రోగుల్లో కల్చరు పెరగకపోవడం కొత్తేమీ కాదు. అప్పుడు ఈ లెక్కలో స్కానే పెద్దన్న.

నోరు తెరిచే తీరు

ఒక కేసు పెట్టుకుందాం. 52 ఏళ్ల మనిషి, రెండేళ్ల కింద మెటల్ అయోర్టిక్ కవాటం, మూడు వారాలుగా జ్వరం. గేటెడ్ సీటీ ఇచ్చారు. పరీక్షలో ఇంగ్లిష్‌లోనే చెబుతారు, కానీ వరుస ఇలా ఉండాలి:

"ఇది ఈసీజీ గేటెడ్ కార్డియాక్ సీటీ, ప్లెయిన్, ధమని, ఆలస్యపు ఫేజులు ఉన్నాయి. అయోర్టిక్ స్థానంలో రెండాకుల మెటల్ కవాటం. ఆకులు రెండూ తెరుచుకుంటున్నాయి. జఠరిక వైపు కుట్టు రింగుకు అంటుకుని 12 మి.మీ. నల్లటి ముద్ద ఊగుతోంది. కరోనరీ లేని సైనసుకూ మైట్రల్ ముందు రెక్కకూ మధ్య 22 మి.మీ. సంచి, ధమని ఫేజులో కాంట్రాస్ట్ నిండింది, ప్లెయిన్‌లో అక్కడ తెల్లదనం లేదు కాబట్టి ప్లెడ్జెట్ కాదు. సిస్టోల్‌లో ఉబ్బి డయాస్టోల్‌లో ముడుచుకుంటోంది. ఎడమ కర్ణికలోకి గండి కనబడలేదు. కవాటం ఊగడం లేదు. పోర్టల్ ఫేజులో ప్లీహంలో ముక్కోణపు ఇన్‌ఫార్క్ట్ ఉంది. కృత్రిమ అయోర్టిక్ కవాటం ఎండోకార్డైటిస్, ఇంటర్‌వాల్వులర్ ఫైబ్రోసా సూడోఅన్యూరిజం, ప్లీహానికి ఎంబోలిజం. కార్డియాలజిస్టుకూ గుండె సర్జన్‌కూ ఇప్పుడే ఫోన్ చేస్తాను."

ఇందులో 'లేదు' అన్న మాటలు లెక్కపెట్టండి. లేని ఫిస్టులా, లేని డిహిసెన్స్, లేని ప్లెడ్జెట్. వెతికి లేదన్నవాడికీ, వెతకనివాడికీ తేడా ఆ మాటల్లోనే తెలుస్తుంది. ఆ చివరి ఫోన్ మాట కూడా అలంకారం కాదు. కట్టలో బొరియ పడ్డాక మందులతో మాత్రమే నెట్టుకురావడం అరుదు, రిపోర్టు టైపై కంప్యూటర్లో పడేదాకా ఆగకూడదు.

తర్వాత ఎగ్జామినర్ తప్పక అడిగేది ఒకటుంది. "సరే, రేపు పొద్దున ఆపరేషన్. సర్జన్‌కు ఇంకేం కావాలి?" సంచి అంచు నుంచి ఎడమ కరోనరీ మొదలుకు ఎంత దూరమో, అయోర్టా కొలతలో, ఎముక వెనక జాగా ఎంతో చెప్పండి. ఆ తర్వాత, ఈయన మెటల్ కవాటం వల్ల రక్తం పలుచబడే మందు మీద ఉన్నాడు కాబట్టి, ఈ రాత్రికే మెదడు స్కాన్ చేయిస్తానని చెప్పండి. ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం మీద పెట్టేటప్పుడు హెపారిన్ పోస్తారు. మెదడు కొమ్మల్లో చిట్లడానికి సిద్ధంగా ఉన్న అన్యూరిజం ఉందో లేదో తెలియాల్సింది అంతకు ముందే.